మావాళ్ళే ఉంటున్నారు

“అద్దె అనే మాట ఈ ఇంట్లో వినపడటానికి వీల్లేదు,” అంది సుందరమ్మ.

ఆ మాట ఆమె అన్నది అద్దె ఇంట్లో కూర్చునే. తెనాలిలో ఆ మేడమీద మూడు గదుల్లో కొడుకుతోనూ కోడలితోనూ ఆమె ఉండబట్టి ఇది ఏడో ఏడు. ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే మాత్రం ఆమెకు వినపడదు. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఏది వినాలో ఏది వినకూడదో ఆమె చెవులకు బాగా తెలుసు.

“మాట వినపడకపోతే పని జరగదత్తయ్యా,” అంది ఇందుమతి సంచిలో కాగితాలు సర్దుకుంటూ. “పదకొండింటికి ఇన్సూరెన్స్ ఆఫీసరమ్మ బాపట్ల ఇంటికొస్తుంది. ఇంట్లో ఎవరుంటున్నారని అడుగుతుంది. నేనేం చెప్పాలి?”

“పోయినేడు నేనేం చెప్పానో అదే. మావాళ్ళే ఉంటున్నారని చెప్పు.”

“కోటమ్మ మనవాళ్ళెట్లా అవుతుంది?”

“కాకపోతే పరాయిదా? నువ్వు అక్కా అని పిలవట్లా? పోయిన దసరాకి నేను చీర పెట్టలా?”

ఇందుమతి మొగుడి వంక చూసింది. విజయసారథి పేపరు వెనక ఉన్నాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలిగిన మగవాళ్ళకు పేపరు పెద్ద అండ. అందులో వార్తలు ఉన్నా లేకపోయినా వెడల్పు ఉంటుంది.

“మీరేమంటారు?”

“అమ్మ చెప్పింది చెబితే పోలా?” అన్నాడు పేపరులోంచే. “అద్దెవాళ్ళున్నారంటే రేటు పెంచుతారని ఏజెంటు శివరామయ్య చెప్పాడుగా.”

“అద్దె అనొద్దన్నానా!” అంది సుందరమ్మ.

పేపరు ఇంకాస్త పైకి లేచింది.

ఇంత గొడవకూ మూలం బాపట్లలో సూర్యలంక రోడ్డుకు దగ్గర్లో ఉన్న నాలుగు గదుల డాబా. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. సుందరమ్మ రెండూ ఒంటరిగానే చేసింది. భర్త పోయాక, ఆ ఊళ్ళో పనిచేస్తూ, నెలజీతంలోంచి మిగిల్చి, ఒక్కో ఏడు ఒక్కో గోడ లేపింది. ఈనాటికీ ఆటోవాళ్ళకు అది ‘టీచరమ్మగారిల్లు’. సారథి ఉద్యోగం బాపట్లనుంచి మారాక ఆ ఇంట్లో కోటమ్మా దానయ్యా దిగారు. అతను సముద్రం మీద వేటకు వెళ్తాడు. ఆమె ఒడ్డున వేలంలో చేపలు పాడి, సంతల్లో అమ్ముతుంది. వాళ్ళు దిగి తొమ్మిదేళ్ళయింది.

రెండేళ్ళ కిందటి తుఫాను ఆ ఇంటి వరండా రేకులు ఎత్తుకుపోయి, ప్రహరీని పడుకోబెట్టింది. అది బాగుచేయించాక, పోయినేడు ఇందుమతి పట్టుబట్టి ఇంటికి ఇన్సూరెన్స్ చేయించింది. ఆ పని జరిగింది రేపల్లెలో, సుందరమ్మ అన్నగారు బసవేశ్వరరావు ఇంట్లో. ఆయనకు తెలిసిన ఏజెంటు శివరామయ్య కాఫీ తాగుతూ ఫారం నింపాడు.

“ఇంటి విలువ ఎంత వేయమంటారు?” అని అడిగాడు.

“అరవై లక్షలు,” అంది సుందరమ్మ. అన్నగారు మెచ్చుకోలుగా తలూపాడు.

“అద్దెకిచ్చారా అమ్మా?”

ఆమె నోరు తెరిచేలోగా బసవేశ్వరరావు అందుకున్నాడు. “మా చెల్లెలికి ఇల్లు అద్దెకిచ్చుకునే ఖర్మేంటయ్యా?”

ఇక అంత మాట అన్నాక, చేపలమ్మేవాళ్ళకు ఇచ్చానని ఆమె ఎలా చెబుతుంది? “మావాళ్ళే ఉంటున్నారు,” అంది. శివరామయ్య అదే రాశాడు.

ఇప్పుడు ఆ పాలసీ గడువు ఈ రాత్రితో ఆఖరు. మళ్ళీ కట్టాలంటే ఈసారి తనిఖీ ఉందన్నారు, పైగా పోయినేటి మీద కట్టాల్సింది బాగా పెంచారు. నాలుగు రోజులుగా ఇందుమతి తెనాలిలో ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. అరవై లక్షల ఇల్లనగానే ప్రతిచోటా కుర్చీ వేశారు. సముద్రం ఎంత దూరమని అడిగి, రేటు చెప్పేసరికి ఆ కుర్చీలోంచి ఆమే లేచి వచ్చేసింది. అటు చూస్తే బంగాళాఖాతంలో వాయుగుండం. కట్టకుండా ఊరుకుంటే ఇంటిని అక్షరాలా గాలికి వదిలేసినట్టే.

“మనం ఈ మేడమీద ఏడేళ్ళుగా ఉంటున్నాం కదత్తయ్యా,” అంది ఇందుమతి గుమ్మం దగ్గర ఆగి. “మరి మనం ఇంటి ఓనరు ఝాన్సీలక్ష్మిగారికి ఏమవుతాం?”

సుందరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది.

దైవం కూడా అప్పుడప్పుడూ కోడళ్ళ పక్షాన ఉంటుందేమో! ఇందుమతి మెట్లు దిగుతుంటే, కింద ఇంటావిడ ఝాన్సీలక్ష్మి ప్లంబరుతో ఫోనులో గట్టిగా మాట్లాడుతోంది. “మా పైన అద్దెవాళ్ళకి పంపు కారుతోందయ్యా. మూడ్రోజులైంది. పాపం, మంచివాళ్ళు. ఒక్కమాట పడనియ్యరు.”

ఇందుమతి తలెత్తి చూసింది. వసారాలో అత్తగారు నిలబడి ఉంది. ఆ మాట ఆమెకు వినపడింది. ఈసారి వినపడనట్టు ముఖం పెట్టడానికి ఆమెకు ఒక్క నిమిషం పట్టింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది.

*

బాపట్లలో రైలు దిగేసరికి ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. గాలి లేదు. అదే మంచిది కాదని ఆ ఊరివాళ్ళకు తెలుసు.

ఇంటి దగ్గర దానయ్య నిచ్చెన మీద ఉన్నాడు. వేటకు వెళ్ళొద్దని చాటింపు వేశారు కాబట్టి, పడవ కట్టే తాడు తెచ్చి వరండా రేకుల్ని దూలాలకు బిగిస్తున్నాడు. ఎవరూ చెయ్యమనలేదు. తొమ్మిదేళ్ళుగా ఆశ్వయుజం రాగానే అతను ఆ పని చేస్తూనే ఉన్నాడు.

కోటమ్మ గోంగూర గిల్లుతోంది. యాభై దాటిన మనిషి, ఎండకు కాగిన ఒళ్ళు, నుదుట రూపాయంత బొట్టు. ఇందుమతిని చూసి లేచి, పీట వేసి, మజ్జిగ ఇచ్చింది.

మజ్జిగ తాగినంతసేపు ఇందుమతి వాయుగుండం గురించి మాట్లాడింది. గ్లాసు ఖాళీ అయ్యాక మాట్లాడటానికి ఇంకేమీ మిగల్లేదు.

“అక్కా, ఇవాళ ఇన్సూరెన్స్ ఆవిడ వస్తుంది. నిన్ను ఎవరని అడుగుతుంది. అడిగితే…”

“ఊఁ.”

“మావాళ్ళని చెప్పాలనుకుంటున్నాం.”

కోటమ్మ చేతిలో గోంగూర కాడ ఉంది. దాన్ని గిల్లింది. ఇంకోటి తీసింది. దాన్నీ గిల్లింది.

“అంటే నేను ఊరికే ఉంటన్నానని చెప్పాలా అమ్మాయిగారూ?”

“ఊరికే అని కాదక్కా. మావాళ్ళని.”

“మీవాళ్ళయితే అద్దె కట్టరుగా. కట్టకుండా ఉంటన్నట్టేగా.”

ఈ లెక్క ఇటువైపునుంచి ఇందుమతి ఎన్నడూ చూడలేదు. తమ ఇంట్లో ఆ మాట గౌరవం కోసం పుట్టింది. గుమ్మం మారేసరికి అదే మాట అవమానమైపోయింది.

“పోయిన గాలివానకి పడవ చీలిపోయి రెండు నెలలు ఒడ్డునే కూర్చున్నాం,” అంది కోటమ్మ. గొంతు పెంచలేదు. “చెవి కమ్మలు తీసి అమ్ముకున్నాగానీ ఒకటో తారీకు దాటనీలా. టీచరమ్మగారు వద్దన్నా వినలా. ఈ పేటలో నన్ను చూసి ఎవరైనా లేచి నిలబడతన్నారంటే ఆ మాట మీదే. నాకున్న ఆస్తి అదొక్కటే. దాన్ని మీ కాగితం కోసం ఇచ్చెయ్యమంటే ఎట్టా?”

“నేను నిన్ను అక్కా అనే పిలుస్తాను కదా…”

“పిలుస్తారు. బాగుంటది. పిలుపు వేరు, కాగితం వేరు అమ్మాయిగారూ.”

నిచ్చెన మీద దానయ్య ముడి బిగించడం ఆపాడు. ఎదురింట్లో రేడియోలో తీరప్రాంతాలకు హెచ్చరిక చదువుతున్నారు.

“ఇల్లు మీది, మాట మీది,” అంది కోటమ్మ చివరికి, గోంగూర బుట్ట పక్కకు జరిపి. “మీరేం చెప్పుకున్నా నేను అడ్డం రాను. నన్నడిగితే మాత్రం నేనొక్కటే చెప్తా.”

ఇందుమతికి ముఖం చెల్లలేదు. ఇంతకన్నా ఆవిడ నాలుగు కేకలు వేసినా బాగుండేదనిపించింది.

*

వచ్చిన ఆఫీసరమ్మ పేరు హరిత. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో. స్కూటీ స్టాండు వేసి, హెల్మెట్ తీసి, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. గోడ తట్టి చూసింది, తలుపులు వేసి తీసింది, వరండా తాళ్ళు పట్టి లాగింది.

“ఎవరు కట్టారండి ఈ ముడులు?”

“నేనేనమ్మా,” అన్నాడు దానయ్య. “అలలో పడవ నిలబడే ముడి. గాలికి లొంగదు.”

ఆమె దాన్ని ఫొటో తీసుకుంది. ఫోనులో పాత ఫారం తెరిచి ఇందుమతి వైపు తిరిగింది. “ఇక్కడ మీవాళ్ళే ఉంటున్నారని ఉంది. ఇప్పుడూ అంతేనా అండీ?”

ఆ ప్రశ్న ఇందుమతి పొద్దుటినుంచీ మోసుకొచ్చిందే. అవునంటే ఒక్క మాటతో అయిపోతుంది. అత్తగారికి కోపం ఉండదు, మొగుడికి బాధ ఉండదు, రేటూ పెరగదు. ఆమె కోటమ్మ వైపు చూసింది. కోటమ్మ ఇటు చూడటం లేదు. తలెత్తుకుని, గేటు అవతల రోడ్డు మీదికి చూస్తోంది.

“కాదండి,” అంది ఇందుమతి. “అద్దెకిచ్చాం. తొమ్మిదేళ్ళయింది. పోయినేడు తప్పు రాయించాం.”

అన్నాక ఆమెకు భయం వేసింది. భయంతోపాటు, ఏడేళ్ళ వయసులో అందరిముందూ పద్యం తప్పులేకుండా అప్పగించినప్పుడు కలిగినటువంటి గర్వమూ కలిగింది. కోటమ్మ ఇటు తిరిగింది. లోపలికి వెళ్ళి ఆఫీసరమ్మకు కూడా మజ్జిగ తెచ్చింది.

“మంచిపని చేశారు,” అంది హరిత గ్లాసు అందుకుంటూ. “ఇది ఇట్లాగే ఉండి, గాలివానకి ఇల్లు దెబ్బతిని మీరు డబ్బు అడిగుంటే, మొట్టమొదట పట్టుకునేది ఈ మాటనే. అద్దెకిచ్చిన ఇళ్ళకి పాలసీ లేదని మీకెవరు చెప్పారు?”

“లేదని కాదండి. రేటు…”

“ఇక్కడ సరుకు నిలవపెట్టినా, దుకాణం నడిపినా రేటు మారుద్ది. చేపలు ఇంట్లో పెడతారామ్మా?” అని కోటమ్మను అడిగింది.

“చేప ఒడ్డునే పాడతా, ఒడ్డునే ఎండబెడతా, సంతలో అమ్ముతా,” అంది కోటమ్మ. “ఈ గడపలోకి మనిషిగా వస్తాగానీ గంపతో రానండి.”

హరిత నవ్వి రాసుకుంది. తర్వాత ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. “ఇదేంటి, ఇంటి విలువ అరవై లక్షలేశారు?”

“స్థలంతో కలిపి అంతుంటుందండి. ఇంకా ఎక్కువే అంటారు మా అత్తగారు.”

నిచ్చెన మీంచి దానయ్య పకపకా నవ్వాడు. “నేలకి కూడా ఇన్సూరెన్స్ కడతన్నారా అమ్మాయిగారూ? నేలని ఏ గాలి ఎత్తుకుపోద్దండీ?”

“పెద్దాయన చెప్పిందే మా రూలు,” అంది హరిత. “ఇల్లు పడిపోతే మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందో అంతే రాయాలి. స్థలం ఎక్కడికీ పోదు. పోని దానికి మీరు ఏడాదిపాటు డబ్బు కట్టారు.”

ఇందుమతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెనాలి ఆఫీసులన్నిటిలోనూ ఆ అరవై లక్షలనే తిప్పింది. అడిగినవాళ్ళు లేరు, చెప్పినవాళ్ళు లేరు.

హరిత గదులు కొలిచింది. ఇరవై రెండు లక్షలు తేలింది. అద్దెకున్నట్టు రాసినా, సముద్రం దగ్గరైనా, కట్టాల్సింది పోయినేటిదాంట్లో సగం కూడా లేదు. పైగా ఇల్లు దెబ్బతిని ఉండటానికి పనికిరాకపోతే, బాగుచేయించే దాకా రావాల్సిన అద్దె కూడా కంపెనీయే ఇస్తుందట. అద్దెకిచ్చానని రాసినవాళ్ళకే ఆ సదుపాయం. ఏ మాట దాచడానికి ఏడాదిపాటు పాట్లు పడ్డారో, ఆ మాటే ఇప్పుడు ఇంటిని కాపాడుతోంది.

“రెండు సంగతులు,” అంది హరిత. “అద్దె ఒప్పందం కాగితం ఒకటి కావాలి. రెండు, ఇంటి యజమాని సంతకం. ఇల్లు సుందరమ్మగారి పేరనుంది కాబట్టి ఆవిడే పెట్టాలి. సాయంత్రం నాలుగులోగా. వాయుగుండం తుఫానుగా మారి దానికి పేరు పెట్టేశారంటే మా ఆఫీసు ఈ తీరంలో పాలసీలు ఆపేస్తుంది.”

తొమ్మిదేళ్ళలో వాళ్ళ మధ్య ఒప్పందం కాగితమే లేదు. మావాళ్ళతో ఎవరు రాయించుకుంటారు?

ఇందుమతి అత్తగారికి ఫోను చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

“నా ఇల్లు ఇరవై రెండు లక్షలా?” అంది సుందరమ్మ.

“కట్టుబడికత్తయ్యా. స్థలం కాకుండా.”

“అద్దెకిచ్చానని నేను రాసివ్వాలా? నా చేత్తో?”

“అవునత్తయ్యా. నాలుగులోగా.”

ఫోను పెట్టేసిన చప్పుడైంది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. సారథికి చేస్తే అతనూ ఎత్తలేదు. ఇందుమతి రిజిస్ట్రాఫీసు దగ్గరికి వెళ్ళి స్టాంపు కాగితం కొనుక్కొచ్చి వరండాలో కూర్చుంది. హరిత వేరే రెండిళ్ళు చూసుకుని వస్తానని వెళ్ళింది. ఇందుమతి వద్దన్నా వినకుండా కోటమ్మ గోంగూర పచ్చడితో అన్నం పెట్టింది. తింటూ, ఆ మాట రేపల్లెలో అన్నగారి ముందు ఎలా పుట్టిందో ఇందుమతి ఆమెకు చెప్పింది. అప్పుడే గాలి మొదలైంది.

*

మూడున్నరకు గేటు ముందు ఆటో ఆగింది.

ముందు గొడుగు దిగింది, గొడుగుతో పాటు సారథి దిగాడు. వెనక సుందరమ్మ. గంజిపెట్టిన ఈపూరుపాలెం నేతచీర కట్టుకుంది, జేబురుమాలు నడుమున దోపుకుంది. బడికి ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజుల్లో ఆమె అలాగే వెళ్ళేదని సారథి చాలాసార్లు చెప్పాడు.

ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటి చుట్టూ తిరిగింది. కొత్తగా సున్నం వేసిన ప్రహరీని చేత్తో రాసింది. రేకుల తాళ్ళు చూసింది. వంటగది గచ్చు మీద తన ముఖం కనపడుతుంటే ఒక్కక్షణం ఆగింది. తను ఉన్న రోజుల్లో కూడా అది అంతగా మెరవలేదు.

అప్పటికే తిరిగొచ్చిన హరిత లేచి నిలబడింది.

“ఇరవై రెండు లక్షలని రాసింది నువ్వేనా అమ్మాయ్?”

“నేనేనండి.”

“ఈ ఇంట్లో ప్రతి ఇటుకా నేను చేత్తో తట్టి, మోగితేనే పెట్టించాను.”

“అందుకే అంత రాశానండి. లేకపోతే ఈ కొలతలకి పద్దెనిమిది దాటదు.”

సుందరమ్మ ఆ మాట నమలి చూసుకుంది. రుచిగానే ఉన్నట్టుంది. కుర్చీలో కూర్చుంది. ఫారం తీసుకుని చదివి, హరిత రాసిన ‘అద్దేదారు’ కొట్టేసి ‘అద్దెదారు’ అని దిద్దింది. ఇప్పటిదాకా తన ఇంట్లో వినపడకూడదన్న మాటకు ఆమే ఏత్వం తప్పును సరిచేసిందని ఇందుమతి గమనించింది. నవ్వు ఆపుకుంది.

“ఒప్పందం నేనే రాస్తాను. నా దస్తూరీ బాగుంటుంది,” అంది సుందరమ్మ. నల్లబల్లమీద రాసినట్టు గుండ్రంగా, నిటారుగా అక్షరాలు పడుతున్నాయి. తన పేరు రాసింది, ఇంటి నంబరు రాసింది. అక్కడ కలం ఆగింది.

“కోటమ్మా, నీ ఇంటిపేరేంటి?”

రేకుల కింద గాలి ఈల వేసింది.

“తొమ్మిదేళ్ళనుంచీ మావాళ్ళంటున్నారుగదా టీచరమ్మగారూ,” అంది కోటమ్మ మెల్లగా. “మీవాళ్ళ ఇంటిపేరు మీకు తెలీదా?”

సారథి గొడుగు విప్పి, మళ్ళీ ముడిచాడు. ఇందుమతి అత్తగారి ముఖంలోకి చూడలేకపోయింది.

“నేను ఆ మాట గౌరవంగానే అన్నాను,” అంది సుందరమ్మ.

“గౌరవమైతే మీ అన్నగారి ముందు నా పేరు చెప్పేవాళ్ళు గదమ్మా.”

వెయ్యిమంది పిల్లల చేత తప్పు ఒప్పించిన మనిషి సుందరమ్మ. తన తప్పు తను ఒప్పుకోవడం ఎలాగో ఆమె ఎవరికీ నేర్పలేదు, తనూ నేర్చుకోలేదు. కళ్ళజోడు తీసింది, తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది.

“పొద్దున మా కింద ఇంటావిడ ఎవరికో చెప్పింది. పైన అద్దెవాళ్ళు మంచివాళ్ళు, ఒక్కమాట పడనియ్యరని,” అంది. “ముందు చివుక్కుమంది. తర్వాత రైల్లో కూర్చుని ఆలోచిస్తే, అందులో నాకు తక్కువేం కనపళ్ళేదు కోటమ్మా. చెప్పు. తెలియక అడుగుతున్నాను. నీ ఇంటిపేరేంటి?”

కోటమ్మ కొంగు భుజం మీద సర్దుకుంది. “కొక్కిలిగడ్డ,” అంది.

సుందరమ్మ రాసింది. ‘కొక్కిలిగడ్డ కోటమ్మ గారు’ అని రాసింది. ‘గారు’ ఒప్పందాల్లో రాయరని హరితకు తెలుసు. అయినా దిద్దమనలేదు.

“ఇక సంతకం పెట్టెయ్యండమ్మా,” అంది గడియారం చూసుకుంటూ. “పది నిమిషాలుంది.”

అప్పుడే సుందరమ్మ ఫోను మోగింది. రేపల్లె అన్నగారు. చెవి సరిగా వినపడని బసవేశ్వరరావు ఫోనులో మాట్లాడితే పక్కవాళ్ళందరికీ వినపడుతుంది.

“సుందరం! మా ఇల్లు పల్లంలో ఉందిగదా, కాలవ నీళ్ళొచ్చేట్టున్నాయి. నీ డాబా అయితే ఎత్తుమీదుందని బయల్దేరాం, మొత్తం ఆరుగురం. నగరం ఊరు దాటాం. ఇల్లు తాళం వేసి లేదుగా, మనవాళ్ళే ఉంటున్నారన్నావుగా. ముందుగదీ వంటగదీ మాకు ఖాళీ చేసి, వాళ్ళని ఎటైనా సర్దుకోమను!”

వరండాలో ఉన్న అందరూ ఆ మాట విన్నారు. దానయ్య నిచ్చెన దిగాడు. కోటమ్మ కదల్లేదు. పొద్దున రోడ్డు మీదికి చూసినట్టే, తలెత్తుకుని నిలబడింది. ఈ గాలిలో ఆమెను ఎటు సర్దుకోమంటారు?

ఇందుమతి అటు తిరిగింది. అత్తగారి చేతిలో కలం ఉంది. దాని కింద సంతకం చెయ్యాల్సిన గీత ఖాళీగా ఉంది. అన్నగారి ముందు ఒక్కసారి ‘సరే’ అందంటే, ఆ గీతకు అర్థం ఉండదు.

“అన్నయ్యా,” అంది సుందరమ్మ.

“ఆఁ, చెప్పు!”

“పోయినేడు నీ ఇంట్లో నేను అబద్ధం చెప్పాను. బాపట్ల ఇంట్లో ఉంటున్నది మనవాళ్ళు కాదు. కొక్కిలిగడ్డ కోటమ్మగారని, చేపల వ్యాపారం. ఆవిడకి నేను ఇల్లు అద్దెకిచ్చాను.”

“ఏంటీ? అద్దెకా? ఎవరికీ?”

“విన్నావుగా. ఇల్లు నాదేగానీ, ఆ గదుల్లో ఎవరు దిగాలన్నా అడగాల్సింది నన్ను కాదు. ఉండు, ఆవిడకిస్తాను.”

ఫోను కోటమ్మ వైపు చాపింది. కోటమ్మ నమ్మలేనట్టు చూసింది. “తీసుకో,” అంది సుందరమ్మ. తీసుకునేదాకా చెయ్యి దించలేదు. తర్వాత కాగితం మీదికి వంగి, ఇన్నేళ్ళూ ప్రోగ్రెస్ కార్డుల కింద పెట్టిన సంతకమే, ఒక్క అక్షరం వంకర పోకుండా పెట్టింది. ఇందుమతికి కళ్ళు చెమర్చాయి. ఈ అత్తగారికి కోడలినని చెప్పుకోవాలని ఆమెకు ఏడేళ్ళలో మొదటిసారి అనిపించింది.

హరిత కాగితాలు ఫొటో తీసి ఆఫీసుకు పంపింది. నాలుగుకు ఆరు నిమిషాలుంది. ఆమె ఫోను తెర మీద గుండ్రంగా ఏదో తిరుగుతోంది. ఎదురింటి రేడియోలో తుఫాను పేరు చెప్పబోతున్నట్టు గొంతు మారింది.

కోటమ్మ ఎడమచేత్తో కొంగు తలమీదికి లాక్కుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

“చెప్పండి అన్నయ్యగారూ,” అంది.